ర్యామ్ డబ్బా మీద 3200, కంప్యూటర్లో 2400: అసలు సంగతి ముందే చెప్పొచ్చు కదా

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈఏపీసెట్ (మన పాత ఎంసెట్) కౌన్సెలింగ్ అయ్యి పిల్లలకి సీట్లొచ్చాయంటే చాలు, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) కంప్యూటర్ మార్కెట్ దగ్గర బండి పెట్టుకోవడానికి కూడా జాగా దొరకదు. తల్లిదండ్రులు వేలకి వేలు పోసి కంప్యూటర్ అసెంబుల్ చేయించి ఇంటికి తెస్తారు, వారం తిరక్కుండానే పిల్లాడు యూట్యూబ్‌లో ఏదో వీడియో చూసి టాస్క్ మేనేజర్ తెరిచి "డాడీ, 3200 ర్యామ్ అని బిల్లు వేశారు, ఇక్కడ చూస్తే 2400 అని ఉంది" అంటాడు. అక్కణ్ణుంచి లొల్లి మొదలు. ర్యామ్ అంటే కంప్యూటర్ పని చేస్తున్నంతసేపూ డేటా పెట్టుకునే మెమరీ, ఆ నంబర్ దాని స్పీడు. కంప్యూటర్ రిపేర్లు చేసుకుని బతికేవాణ్ణి కాబట్టి ఇవి నా దగ్గరికి చాలానే వస్తుంటాయి, ఎక్కువసార్లు ర్యామ్ అసలైనదే, పాడైంది కూడా కాదు.

ర్యామ్ స్టిక్ మీద ఒక చిన్న చిప్ ఉంటుంది, ఆ స్టిక్ ఏయే స్పీడుల్లో నడుస్తుందో అందులో రాసి ఉంటుంది. మదర్‌బోర్డు ఆన్ అవగానే అది చదువుకుని, ఎందుకైనా మంచిదని మామూలు స్పీడే పట్టుకుంటుంది, డీడీఆర్4 (ఇప్పటి డీడీఆర్5 కంటే ముందు తరం ర్యామ్) అయితే 2133, 2400, 2666 ఇలా. డబ్బా మీద పెద్దగా వేసిన 3200 అదే చిప్‌లో వేరే ప్రొఫైల్‌గా, అంటే విడిగా రాసిపెట్టిన సెట్టింగ్‌గా ఉంటుంది. దానికి ప్రాసెసర్లు తయారుచేసే ఇంటెల్ వాళ్లు పెట్టిన పేరు ఎక్స్‌ఎంపీ, ఏఎండీ వాళ్లు డీడీఆర్5కి ఎక్స్‌పో అన్నారు, కొన్ని బోర్డుల్లో డీఓసీపీ అని కనిపిస్తుంది. మనం బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లోకి) పోయి ఆన్ చేస్తేనే అది పనిచేస్తుంది, లేకపోతే కొన్నరోజు నుంచి చివరిదాకా 2400 మీదే నడుస్తుంది.

స్టిక్ మీద స్టిక్కర్ ఉంటుంది కదా, దాని మీద 1.35 వోల్టులు అని ఉంటే అది సెట్టింగ్ పెడితే తప్ప పూర్తి స్పీడుకి రాని రకం అనుకోవచ్చు, ఎందుకంటే డీడీఆర్4కి మామూలుగా ఉండాల్సింది 1.2 వోల్టులే. 1.2 అని ఉండి 3200 అని ఉంటే బోర్డూ ప్రాసెసరూ ఒప్పుకున్నంతవరకు దానంతటదే వస్తుంది, ల్యాప్‌టాప్ ర్యామ్‌లు ఎక్కువగా ఇలాంటివే. ఇంకో తమాషా ఏంటంటే సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో చూసినవాళ్లు 1600 చూసి ఇంకా ఎక్కువ పరేషాన్ అవుతారు, డీడీఆర్ అంటేనే ఒక్కో క్లాక్‌కి రెండుసార్లు డేటా పంపేది, దాన్ని రెండుతో గుణించుకోవాలి, అంటే 3200 వచ్చినట్టే.

సెట్టింగ్ పెట్టినా రాని కేసులు కూడా ఉన్నాయి, అక్కడే అమ్మేవాళ్ల మీద నాకు కోపం. ఇంటెల్ పదో తరం ఐ5కి హెచ్410 బోర్డు ఇచ్చి పక్కన 3200 ర్యామ్ పెడతారు, ఆ జోడీ 2666 దాటదు, బయోస్‌లో ఎంత వెతికినా దొరకదు. ఏఎండీ రైజెన్ 7000 ప్రాసెసర్ తీసుకుని నాలుగు స్లాట్లూ నింపితే ఏఎండీ హామీ ఇచ్చేది 3600 వరకే, రెండు స్టిక్స్ అయితే 5200. పాత స్టిక్‌కి కొత్త స్టిక్ జత చేస్తే రెండూ నెమ్మదిగా ఉన్నదాని స్పీడుకే దిగుతాయి. ఇవన్నీ కౌంటర్ దగ్గర తెలియని సంగతులేం కావు.

మొన్న మా కాలనీ కుర్రాడొకడు వచ్చాడు, "అంకుల్, షాపాయన ఈ ర్యామ్‌లో ప్రాబ్లముంది, ఇంకొంచెం వేసుకుంటే వేరే కంపెనీది ఇస్తా అంటున్నాడు" అని. తెరిచి చూస్తే రెండు స్టిక్సూ పక్కపక్కన మొదటి రెండు స్లాట్లలో ఉన్నాయి. చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండోదీ నాలుగోదీ వాడాలి, బోర్డు మీద ఏ2, బీ2 అని రాసే ఉంటుంది. అలా మార్చి, ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి, రాత్రంతా మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ని పరీక్షించే సాఫ్ట్‌వేర్) పెడితే ఒక్క ఎర్రర్ రాలేదు. ఒకవేళ ఎర్రర్స్ వచ్చినా, ఆన్ అవ్వకుండా మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతున్నా ముందు బయోస్ అప్‌డేట్ చేసి చూడాలి, తర్వాత 3000కి దించి చూడాలి, రిటర్న్ సంగతి ఆ తర్వాత. డీడీఆర్5 వాళ్లు మాత్రం సెట్టింగ్ మార్చిన మొదటిసారి స్క్రీన్ కొన్ని నిమిషాలు నల్లగా ఉందని కంగారుపడి స్విచ్ ఆపెయ్యకండి, అది ర్యామ్‌ని సర్దుకునే టైం.

ఇంత గొడవ అవసరమా అని అడిగితే, టాలీ, ఎక్సెల్ చేసుకునేవాళ్లకి తేడా తెలియను కూడా తెలియదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసర్ లోపలున్న గ్రాఫిక్స్‌తోనే గేమ్స్ ఆడే పిల్లలకి మాత్రం బాగా తెలుస్తుంది, గ్రాఫిక్స్‌కి కూడా వాడేది ఆ ర్యామే కదా.

ప్యాకెట్ మీద ఎమ్మార్పీ, ఏ దేశంలో తయారైంది, ఎవరు దిగుమతి చేశారు అన్నీ వేయాలని మనకి రూల్ ఉంది, మరి "ఈ స్పీడు బయోస్‌లో సెట్టింగ్ మారిస్తేనే వస్తుంది, ప్రాసెసర్, బోర్డుని బట్టి ఉంటుంది" అని ఒక్క లైను వేయడానికి ఏం అడ్డం? అమెరికాలో కొన్నవాళ్లు ఇదే విషయం మీద ర్యామ్ అమ్మే కోర్సెయిర్ కంపెనీ మీద కేసు వేస్తే, ఆ కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే 2025లో 55 లక్షల డాలర్లకి సెటిల్‌మెంట్‌కి వచ్చింది, డబ్బా మీద మాట మార్చడానికీ ఒప్పుకుంది. ఇక్కడ కేసులదాకా పోవాలని నేననను. అసెంబ్లింగ్ ఛార్జీ అని తీసుకుంటున్నారు కదా, ఆ సెట్టింగ్ పెట్టడానికి ఐదు నిమిషాలు పట్టదు, అది కూడా చేసి ఇవ్వమనే నేననేది. కొనేవాళ్లు కూడా మిగతా డబ్బులు కట్టేముందు అక్కడే కౌంటర్ మీద కంప్యూటర్ ఆన్ చేయించి, టాస్క్ మేనేజర్‌లో మెమరీ మీద నొక్కి స్పీడ్ ఎంతుందో చూపించమనండి, బిల్లులో ఉన్న నంబర్ రాకపోతే ఎందుకు రాలేదో ఆయన చేతే చెప్పించండి.

ఇట్లు
మీ పాఠకుడు, మల్కాజిగిరి, హైదరాబాద్