సూది వెంట లేచిన పొర

నాన్నగారికి,

నమస్కారాలు. నేను క్షేమం. పోయిన ఆదివారం ఫోనులో మీరు అడిగిన ప్రశ్న వారమంతా నన్ను వదల్లేదు. "కంటికి కనిపించని పొరను దేనితో పట్టుకుని లాగుతావు?" అన్నారు. "సూదితో" అని ఊరుకున్నాను. ఆ జవాబు చాలదు. తీరిగ్గా చెప్పాల్సిన సంగతి కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

ఆ పొర పేరు గ్రాఫీన్. పెన్సిల్ ములుకులోని గ్రాఫైట్ నుంచి ఒకే ఒక్క పరమాణువు మందాన తీసిన రేకు. 2004లో మాంచెస్టర్‌లో ఆండ్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలోవ్ మామూలు అంటుకునే టేపుతోనే దాన్ని విడదీశారు. 2010లో వారికి నోబెల్ వచ్చింది. మేము ఆ రేకును సన్నని రాగి జాలీ మీద పరుస్తాం. జాలీలో ఒక్కో కన్ను వెడల్పు కొన్ని మైక్రోమీటర్లు. కన్ను మీద పొరకు కింద ఏ ఆధారమూ ఉండదు. డోలు మీది తోలులాగా అంచుల పట్టుతోనే నిలుస్తుంది.

దానికి ఒక నానోమీటరు, అంటే మీటరులో వంద కోట్లో వంతు, దూరానికి టంగ్‌స్టన్ సూదిని తెస్తాం కానీ తాకించం. మధ్య ఖాళీని దాటి ఎలక్ట్రాన్లు వెళతాయి, అదే మాకు అందే కరెంటు. దూరం నానోమీటరులో పదో వంతు పెరిగితే చాలు, కరెంటు దాదాపు పదో వంతుకు పడిపోతుంది. ఆ కరెంటు మారకుండా ఉండేలా యంత్రం సూదిని పైకీ కిందికీ జరుపుతూ ఉంటుంది. ఆ కదలికను గీస్తే ఉపరితలం బొమ్మ వస్తుంది. 1981లో జ్యూరిక్‌లో గెర్డ్ బిన్నిగ్, హైన్రిచ్ రోరర్ కనిపెట్టిన పద్ధతి ఇది.

ఇప్పుడు మీ ప్రశ్న. సూదికీ పొరకూ మధ్య వోల్టేజి పెంచితే కరెంటు పెరగబోతుంది, దాన్ని ఆపడానికి సూది వెనక్కి జరుగుతుంది. గట్టి గ్రాఫైట్ దిమ్మ మీద అయితే ఆ జరుగుడు నానోమీటరులోపే. ఆధారం లేని పొర మీద మొదటిసారి చేసినప్పుడు సూది పదుల నానోమీటర్లు వెనక్కి వెళ్లిపోయింది. యంత్రంలో లోపం ఉందేమోనని రెండు రోజులు ప్రతి తీగా విప్పి చూశాను. లోపం ఎక్కడా లేదు. సూది వెనక్కి పోతుంటే పొర దాని వెంటే లేస్తోంది నాన్నగారూ! రెండింటి మధ్య విద్యుదాకర్షణే దాన్ని పట్టుకుని లేపుతోంది. చూడడానికి వాడే సూదే లాగే చెయ్యి కూడా అయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

లేచినంత మాత్రాన సాగినట్టు కాదు. పొరలో సహజంగా ముడతలు ఉంటాయి, ముందు అవి విచ్చుకుంటాయి. ఆ తర్వాతే పరమాణువుల మధ్య 0.142 నానోమీటర్ల దూరం పెరగడం మొదలవుతుంది. తెగిపోతుందని భయపడకండి. 2008లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇలాంటి పొరలను వజ్రపు మొనతో చిరిగేదాకా నొక్కి చూశారు. బలం సుమారు 130 గిగాపాస్కళ్లు అని తేలింది. అయినా మా పొరల్లో కొన్ని జాలీ మీదికి చేర్చేటప్పుడే చిరుగుతాయి. అప్పుడు మాత్రం చాలా బాధేస్తుంది.

సాగదీయడం ఎందుకని అమ్మ అడుగుతుంది. పొర ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ సాగితే, అందులోని ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో ఉన్నట్టు తిరుగుతాయి. నిజమైన అయస్కాంతం అక్కడ ఉండదు. 2010లో ప్లాటినం మీద గ్రాఫీన్‌లో ఏర్పడిన చిన్న బుడగల్లో ఆ ప్రభావం 300 టెస్లాలు దాటిందని చూపించారు. ఆసుపత్రి ఎమ్మారై యంత్రంలో ఉండేది సాధారణంగా 1.5 లేదా 3. కేవలం ఆకారం మార్చి ఎలక్ట్రాన్ల దారి మళ్లించవచ్చన్నమాట. నేను ఇల్లు వదిలి ఇంత దూరం వచ్చింది దీనికోసమే.

వచ్చే వారం వోల్టేజి దిశ తిప్పి చూస్తాను. ఆకర్షణ వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, నా లెక్క సరైతే వోల్టేజి ఏ దిశలో ఉన్నా పొర దాదాపు ఒకే ఎత్తు లేవాలి. రెండు గీతలనూ ఒకే కాగితం మీద గీసి మీకు పంపుతాను. మీరే కొలిచి చెప్పండి.

అమ్మకు నమస్కారాలు.

మీ
అబ్బాయి