కోచ్ మారితే నోట్‌బుక్ ఎవరిది, మంత్రి గారూ?

తెలంగాణ రాష్ట్ర క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. పదేళ్ళ కిందట ఇక్కడే ఒక చిన్న డిగ్రీ కాలేజీ ఫుట్‌బాల్ టీంలో లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమవైపు డిఫెండర్, ఆడాను. ఇప్పుడు ఒక కొరియర్ గోడౌన్‌లో సూపర్‌వైజర్‌ని. మా చిన్నాన్న కొడుకు అదే కాలేజీలో సెకండియర్. అదే టీం, అదే లెఫ్ట్ బ్యాక్. కాలేజీ పేరు రాయడం లేదు. రాస్తే రేపు పొద్దున వాణ్ణి ఆఫీసు రూముకి పిలుస్తారని మా పిన్ని భయం.

ఇంటర్ కాలేజ్ టోర్నమెంట్‌కి ఇరవై రెండు రోజులుందనగా మా కోచ్‌ను మార్చేశారు. ఎలా మార్చారో చెబుతాను. ఆ రోజు సార్ ఎప్పటిలాగే ఆరు కాకముందే గ్రౌండ్‌కి వచ్చి కోన్‌లు పెట్టారు. పిల్లలు రెండు రౌండ్లు కొట్టారో లేదో ఆయనకు ఫోన్ వచ్చింది. రేపటి నుంచి మీరు రానక్కర్లేదు, కొత్తాయన వస్తున్నాడు అని చెప్పి పెట్టేశారట. సార్ కోన్‌లు ఏరుకోవడం మొదలుపెట్టి, సగంలో ఆగిపోయారు. అవి ఆయన సొంత డబ్బుతో కొన్నవే. కానీ ఎత్తుకుపోతే ఎవరైనా ఏమైనా అంటారేమోనని మళ్ళీ అక్కడే పెట్టేసి, బండి తీసి వెళ్ళిపోయారు. పన్నెండేళ్ళ కొలువు అలా ముగిసింది.

కొలువు అన్నాను గానీ అది కొలువు కాదనే సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. మా కాలేజీలో ఉండేది ఒక్క పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, క్రికెట్, చెస్, రిపబ్లిక్ డే పరేడ్ అన్నీ ఆయనే చూడాలి. ఫుట్‌బాల్‌కి బయటి నుంచి ఒక మనిషిని పెట్టుకుని, స్పోర్ట్స్ ఫీజులోంచి నెలకింత అని ఇస్తారు. కాగితం ఉంటే ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఉంటుంది. లేకపోతే మాట మీద నడుస్తుంది. ఈసారి ఆ బయటి మనిషిని పంపే ఏజెన్సీ మారిందట. ఏజెన్సీ మారితే మనిషి కూడా మారాలని ఎవరు చెప్పారో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి చూసే ఆఫీసుకి వెళ్తే పక్క ఆఫీసు చూపించారు. అక్కడికెళ్తే ప్రిన్సిపాల్‌ని అడగమన్నారు. డిగ్రీ కాలేజీలు మీ శాఖ కిందికి రావని నాకూ తెలుసు. కానీ ఆడేది ఆటే కదా. అందుకే మీకు రాస్తున్నాను.

ఓడిపోయామని ఏడుస్తున్నాడు అనుకోకండి. మొదటి రౌండ్‌లోనే మూడు సున్నాతో ఇంటికొచ్చిన మాట నిజం. మా రోజుల్లో కూడా మొదటి రౌండ్‌లోనే ఇంటికొచ్చేవాళ్ళం, కోచ్ మారకుండానే.

కొత్త కోచ్ మీద కూడా నాకు ఏ కోపమూ లేదు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, కోచింగ్ లైసెన్స్ ఉంది, ల్యాప్‌టాప్‌లో మ్యాచ్ వీడియోలు చూపించి చెబుతాడు. మా సార్‌కి లైసెన్స్ లేదు. కోపం ఎక్కువ. నచ్చినవాణ్ణి కుంటుతున్నా ఆడించేవారు. గోలీ చేతికి బాల్ వస్తే చాలు, ముందుకు బాదమనడమే. నిజం చెప్పాలంటే, కోచ్‌ను మార్చాలని నాకే రెండేళ్ళ కిందట అనిపించింది. మార్చడం తప్పని నేను అనట్లేదు. మార్చిన రోజు తప్పు, మార్చిన పద్ధతి తప్పు.

సార్ దగ్గర ఒక రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఉండేది. ఎవరికి ఏ మోకాలు నొప్పి, ఎవరు రాత్రి రెండింటి దాకా ఫుడ్ డెలివరీ చేసి పొద్దున ప్రాక్టీస్‌కి వస్తాడు, ఎవరిని ఖాళీ కడుపుతో పరుగెత్తించకూడదు, ఎవడు పెనాల్టీ అంటే వణుకుతాడు, అన్నీ అందులో ఉండేవి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ కలిపిన రాత, ఆయనకు తప్ప ఎవరికీ అర్థం కాదు. ఫోన్ వచ్చిన రోజు అది ఆయన బండి డిక్కీలోనే ఇంటికి వెళ్ళిపోయింది. ఇవ్వమని ఎవరూ అడగలేదు. అడగాలని ఎవరికీ తట్టలేదు. కొత్తాయన మూడో రోజు అందరితో స్ప్రింట్‌లు చేయించాడు. అంతకు నెల ముందే చీలమండ బెణికిన మిడ్‌ఫీల్డర్ కూడా నోరు మూసుకుని పరుగెత్తాడు, కొత్త సార్ ముందు చెడ్డపేరు ఎందుకని. టోర్నమెంట్ రోజు వాడు గ్రౌండ్ బయట కూర్చున్నాడు. తప్పెవరిదంటే ఏం చెబుతాం? పిల్లాడిదా, కోచ్‌దా?

మన ఊళ్ళో ఈ మాట చెప్పాల్సి రావడమే నాకు కష్టంగా ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం గారు బడిలో పాఠాలు చెప్పుకునే టీచరు. 1950 నుంచి 1963లో కన్నుమూసే దాకా హైదరాబాద్ సిటీ పోలీస్ టీంకి ఆయనే కోచ్. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్పులు తెచ్చారు. ఇండియా టీం కూడా ఆయన చేతిలోనే ఉండేది. 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ బంగారం, మధ్యలో 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. జకార్తాలో 1962 ఫైనల్‌లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించేనాటికి ఆయనకు క్యాన్సర్. మరుసటి ఏడాది జూన్‌లో పోయారు. ఆ తర్వాత మనకు ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో బంగారం రాలేదు. మా అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆయన కంట పడే పెద్ద ప్లేయర్ అయ్యాడు. ఒక మనిషిని పదమూడేళ్ళు కదపకుండా ఉంచితే ఏమవుతుందో దేశానికి చూపించిన ఊరు ఇది.

రహీం సాబ్ డ్రిబ్లింగ్ చేయకూడదన్న రూల్‌తో టోర్నమెంట్లు పెట్టేవారట, పాసింగ్ అలవాటు కావడానికి. చేతకాని కాలితోనే ఆడాలన్న ఆటలు కూడా పెట్టేవారు. మా సార్‌కి ఆ సంగతి ఎవరు చెప్పారో గానీ, ప్రతి శనివారం అరగంట కుడికాలి వాళ్ళంతా ఎడమకాలితోనే ఆడాలి. కుడికాలు తగిలితే ఫౌల్. నేను లెఫ్ట్ బ్యాక్ అయ్యింది అలాగే. పుట్టుకతో నాది కుడికాలే.

ఈమధ్య సంగతికే వద్దాం. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచింది. అప్పుడు మనోలో మార్కెజ్ కోచ్. ఆయన 2023లో వెళ్ళిపోయారు, డబ్బు ఇబ్బందులు మొదలయ్యాయి, 2023–24లో టీం పట్టికలో అట్టడుగున తేలింది. 2025లో ఏకంగా ఢిల్లీకి వెళ్ళిపోయింది. కోచ్ పోవడం వల్లే ఇదంతా జరిగిందని నేననను, అంత అమాయకుణ్ణి కాదు. కానీ పెద్ద క్లబ్బే ఊళ్ళో లేనప్పుడు మా బోటి పిల్లలకు మిగిలింది కాలేజీ టీం ఒక్కటే. యూనివర్సిటీ టీంకి ఎంపికవ్వాలన్నా, ఇంటర్ యూనివర్సిటీ ఆడిన సర్టిఫికెట్‌తో స్పోర్ట్స్ కోటాలో ఏదైనా ఉద్యోగానికి పెట్టుకోవాలన్నా, దారి ఆ టోర్నమెంట్ మీదుగానే పోతుంది. మీకది చిన్న కాలేజీ చిన్న మ్యాచ్. మా వాడికి ఏడాదికోసారి వచ్చే సెలక్షన్.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. స్పోర్ట్స్ యూనివర్సిటీ కడతామంటున్నారు, సంతోషం. అది తయారయ్యేలోపు ఒక చిన్న ఉత్తర్వు ఇప్పించండి. కాలేజీ కోచ్ కాగితం మార్చి 31తో ముగియకుండా చూడండి. ‘దోస్త్’లో డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు అయ్యి టీం కూడేది ఆగస్టులో. అక్కడి నుంచి ఆ ఏడాది యూనివర్సిటీ టోర్నమెంట్లు పూర్తయ్యే దాకా ఒకే కోచ్ ఉండాలి. తీసేయాలంటే ఆ తర్వాత తీసేయండి, కారణం ముఖం మీద చెప్పి తీసేయండి. పాతాయన, కొత్తాయన కనీసం పదిహేను రోజులు ఒకే గ్రౌండ్‌లో పనిచేయాలి, ఇద్దరికీ డబ్బులిచ్చి. ఆ పదిహేను రోజుల జీతం మా పాత విద్యార్థులం చందాలేసుకుని అయినా ఇస్తాం. అలా ఇవ్వనిస్తారా అన్నదే డౌటు. కోచ్ మారుతున్న సంగతి పిల్లలకు ముందుగా చెప్పమనండి. మా వాళ్ళకు కొత్త కోచ్ వచ్చాడని తెలిసింది ఆయన విజిల్ ఊదినప్పుడే.

ఇంకొకటి చెప్పి ఆపేస్తాను. ఓడిపోయిన మర్నాడు కొత్త కోచ్ మా తమ్ముణ్ణి పక్కకు పిలిచి, పాత సార్ నంబర్ ఉందా అని అడిగాడట. నేనే ఫోన్ చేశాను. సార్ మొదట వద్దన్నారు, వాళ్ళు నన్ను పిలవలేదు కదా అన్నారు. రెండు రోజులకు ఆయనే ఫోన్ చేసి, వచ్చి నోట్‌బుక్ తీసుకుపో అన్నారు. డ్యూటీ అయ్యాక బోలారం వెళ్ళి తీసుకుని, మర్నాడు పొద్దున గ్రౌండ్‌లో కొత్తాయన చేతిలో పెట్టాను. తెరిచి చూసి తల గోక్కున్నాడు. ఉర్దూ రాదట. ఇప్పుడు ఆదివారాలు సార్ ఇంటికి వెళ్ళి చదివించుకుంటున్నాడు. ఆ నోట్‌బుక్ ఏ ఫైల్లోనూ లేదు మంత్రి గారూ, నా పెట్రోల్ ఖర్చు కూడా లేదు.

ఇట్లు,
ఒక పాత లెఫ్ట్ బ్యాక్,
సికింద్రాబాద్