పక్క సీటు గొంతు

అమ్మలూ,

నువ్వు బెంగళూరు వెళ్ళినా నీ కంప్యూటర్ ఆట స్టీరింగ్ ఇంకా బల్లకు బిగించే ఉంది. దుమ్ము తుడుద్దామని వెళ్ళి, తమ్ముడి చేత ఆట పెట్టించుకుని కూర్చున్నాను. నెల నుంచీ రోజూ కూర్చుంటున్నాను. రిచర్డ్ బర్న్స్ ర్యాలీ అనే కారు పందెం ఆట, 2004లో వచ్చినది. బొమ్మలు పాతవే కానీ బండి మాత్రం నిజం బండే.

ఇంటర్‌లో ఉన్నప్పుడు నువ్వు ఒకే రోడ్డు రాత్రంతా నలభైసార్లు తోలుతుంటే కోప్పడ్డాను. ఎందుకు తోలావో ఇప్పుడు తెలిసింది. మలుపులో బ్రేక్ తొక్కిపట్టి స్టీరింగ్ ఎంత తిప్పినా కారు తిన్నగా పోయి చెట్టుకు కొట్టుకుంటుంది. ముందు చక్రాలు దొర్లడం ఆగిపోతే ఇక అవి బండిని తిప్పలేవు, జారతాయి. బ్రేక్ కాస్త వదలాలి, అప్పుడు ముక్కు తిరుగుతుంది. పాడేరు ఘాట్‌లో వానాకాలం బస్సు తోలుతూ నేను కాళ్ళతో నేర్చుకున్నది ఇదే. నీకెప్పుడూ మాటల్లో చెప్పలేకపోయాను. ఆ ఆట చెప్పింది.

నాకు అన్నిటికంటే నచ్చింది పక్క సీటు గొంతు. 'ఈజీ లెఫ్ట్', 'హెయిర్‌పిన్ రైట్' అని రోడ్డు కనపడకముందే చెబుతుంది. గుట్ట అవతల ఏముందో కనపడదు, అయినా ఆ మాట నమ్మి యాక్సిలరేటర్ మీంచి కాలు తీయకుండా పోవాలి. మొదట్లో నమ్మలేదు, ప్రతి గుట్ట దగ్గరా బ్రేకే. పొగమంచులో బస్సు వెనక్కి తీసేటప్పుడు కండక్టర్ 'రానీ, రానీ' అంటే అద్దం చూడకుండా తీసేవాడిని కదా, అది గుర్తొచ్చాక కాలు దానంతట అదే నిలబడింది.

ఆ గొంతు రాబర్ట్ రీడ్‌దట. ఆటకు పేరిచ్చిన ర్యాలీ డ్రైవర్ బర్న్స్ పక్కన నిజంగా కూర్చుని మలుపుల నోట్స్ చదివినవాడు. ఇద్దరూ కలిసి 2001లో సుబారు కారులో ప్రపంచ ఛాంపియన్లయ్యారు. బర్న్స్‌కు మెదడులో గడ్డ వచ్చి 2005 నవంబరు 25న పోయాడు, ముప్పై నాలుగేళ్ళకే. టైటిల్ గెలిచి సరిగ్గా నాలుగేళ్ళు ఆ రోజుకి. ఇది చదివిన రాత్రి నేను ఆట పెట్టలేదమ్మా. మర్నాడు పెట్టాను, రీడ్ గొంతు మామూలుగానే మలుపులు చెబుతోంది.

సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ గొంతు ఆపేద్దాం. నువ్వు నా పక్కన కుర్చీ వేసుకుని చదువు. తెలుగులోనే చదువు. 'ఎడమ, నెమ్మది', 'గుట్ట, వదలకు' అను చాలు, నేను తోలతాను.

మీ నాన్న