ప్రాణం ఎంతుందో రంగుతోనే చెప్తే ఎలా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో కొత్త గేముల గురించి రాసేటప్పుడు గ్రాఫిక్స్ గురించి బాగా రాస్తారు గానీ, మన పాత్రకి ప్రాణం ఎంత మిగిలిందో తెరమీద ఎలా చూపిస్తారన్నది ఒక్క ముక్క రాయరు. మా తమ్ముడికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. మొన్న ఒక గేమ్‌లో ప్రాణం ఎంతుందో చూపించే, మూలనున్న చిన్న చుక్క ఆకుపచ్చ నుంచి ఎరుపుకి మారింది, వాడికి రెండూ ఒకే మట్టిరంగు, చచ్చిపోయాక గానీ తెలియలేదు. ఫోన్ పక్కన పడేసి మాట్లాడకుండా కూర్చున్నాడు. నాకు చాలా బాధేసింది.

1993లో వచ్చిన డూమ్ అనే గేమ్‌లో స్క్రీన్ కింద హీరో మొహం ఉంటుంది, దెబ్బలు తగిలేకొద్దీ అది నెత్తురోడుతుంది, అదే వరసలో అంకె కూడా. జెల్డా గేముల్లో గుండె బొమ్మలు ఒక్కొక్కటే ఖాళీ అవుతాయి. 2008 నాటి డెడ్ స్పేస్‌లో అయితే హీరో వీపు మీద, వెన్నెముక పొడవునా వెలిగే గీతే అతని ప్రాణం, అది కురచ అవుతుంటే కన్ను పక్కకి తిప్పక్కర్లేదు. ఎంత బాగా ఆలోచించారో!

గేములు చేసే మన కుర్రాళ్ళు రంగుతో పాటు ఆకారమో, అంకెలో, చప్పుడో తప్పకుండా పెట్టాలి. రంగులు పోల్చుకోలేనివాళ్ళు ఆడగలరో లేదో మీ రివ్యూలో ఒక్క లైను రాయండి సార్.

– ఒక పాఠకుడు, కాకినాడ