పీల్చే మందు ఇస్తే సరిపోదు, పీల్చడం నేర్పాలి

సంపాదకులకు నమస్కారాలు.

సార్వా కోతలు మొదలయ్యాయి. ఇక సంక్రాంతి దాటేదాకా మా కోనసీమలో ఆయాసం ఉన్నవాళ్లకు గడ్డుకాలమే. వేకువ మంచు, నూర్పిళ్ల దుమ్ము, చేలో తగలబెట్టిన గడ్డి పొగ అన్నీ ఒక్కసారే మీద పడతాయి. నేను ప్రభుత్వాసుపత్రి మెడికల్ వార్డుల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఈ నెలల్లో మంచాలు ఎవరితో నిండుతాయో చూసినదాన్ని. లంక పొగాకు చుట్టలు కాల్చిన పెద్దవాళ్లు, కొబ్బరి పీచు దుమ్ములో పనిచేసినవాళ్లు వస్తారు. చుట్ట ముట్టని ఆడవాళ్లూ వస్తారు. ఏళ్ల తరబడి కొబ్బరి మట్టలు, డొక్కలు పెట్టి పొయ్యి ఊదినవాళ్లు వీళ్లు. పొగ తాగుతావా అని అడిగి, లేదంటే అక్కడితో వదిలేయకూడదు. వంట దేనిమీద చేశావమ్మా అని కూడా అడగాలి.

వీళ్లలో చాలామందికి మందు అందుతోంది. దాన్ని వాడే పద్ధతే ఎవరూ పక్కన కూర్చుని చూపించడం లేదు. మా వీధిలో ఒక పెద్దాయన రోటాహేలర్‌ అనే చిన్న పరికరంలో వేసి పీల్చాల్సిన పొడిమందు క్యాప్సూల్‌ని రోజూ మంచినీళ్లతో మింగేస్తున్నారు. "సిస్టరుగారూ, ఈ గొట్టాలు పనిచేయట్లేదండి" అని ఖాళీ డబ్బా పట్టుకొస్తే విషయం బయటపడింది. ఆయన తప్పేముంది? పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని చెప్పి ఇచ్చారు, అలాగే వేసుకున్నారు.

నొక్కే ఇన్‌హేలర్‌ను బాగా కుదిపి, ఊపిరంతా వదిలి, నెమ్మదిగా లోపలికి తీసుకోవడం మొదలుపెడుతూ నొక్కాలి. తర్వాత 10 సెకన్లు, లేదంటే ఆపగలిగినంతసేపు ఊపిరి బిగపట్టాలి. రోటాహేలర్‌ను మాత్రం గట్టిగా, లోతుగా లాగాలి. ఈ తేడా చెప్పకపోతే మందు గొంతులోనే ఆగిపోతుంది. నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరని ముసలివాళ్లకు స్పేసర్, అంటే ఇన్‌హేలర్‌కూ నోటికీ మధ్య పెట్టే వెడల్పాటి గొట్టం, కావాలి. అది దొరక్కపోతే అర లీటరు నీళ్ల సీసా శుభ్రం చేసి, అడుగున ఇన్‌హేలర్ మూతి బిగుతుగా పట్టేంత రంధ్రం చేసి వాడుకోవచ్చు. స్టెరాయిడ్ ఉన్న మందు పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నాలుక మీద తెల్లగా పూత వస్తుంది. ఆ పూత చూసి వేడి చేసిందనుకుని మందే మానేసినవాళ్లున్నారు.

ఇంతకన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది ఆక్సిజన్. ఎంత ఎక్కువ పెడితే అంత మంచిదని మనవాళ్ల నమ్మకం. నర్సు అటు తిరగ్గానే రోగి కొడుకో అల్లుడో మీటరు మర తిప్పేస్తారు. ఏళ్లనాటి సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకై ఉండిపోయే జబ్బు) ఉన్న చాలామందికి శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు. దాన్ని 99కి తెద్దామని చూస్తే కొందరిలో ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. మనిషి మత్తుగా, మగతగా అయిపోతాడు. ఇన్ని రాత్రుల తర్వాత నాన్న నిద్రపోతున్నాడని ఇంటివాళ్లు సంతోషిస్తారు. ఆ నిద్రలో తట్టి లేపి చూడాల్సింది నర్సే. ఒకే నర్సు మీద వార్డంతా వదిలేస్తే ఎంతమందిని లేపి చూస్తుంది?

ఊపిరి లెక్కదీ ఇదే కథ. పెద్దవాళ్లకు నిమిషానికి 12 నుంచి 20 మామూలు. 25కి చేరితే వెంటనే డాక్టరుకు చెప్పాలి. జ్వరం, నాడి, ఊపిరి రాసే టీపీఆర్ చార్టులు చాలావాటిలో మాత్రం మంచం తర్వాత మంచానికి 20 అనే ఒకే అంకె కనిపిస్తుంది. నాడి చూస్తున్నట్టే చేయి పట్టుకుని, రోగికి చెప్పకుండా, నిండా నిమిషం పాటు పొట్ట కదలికలు లెక్కపెట్టాలి. ఆక్సీమీటరు అంకె పడిపోకముందే చాలాసార్లు ఊపిరి వేగం పెరుగుతుంది. పైగా చల్లబడిన వేలికి పెడితే ఆ అంకెను నమ్మలేం.

ఇంట్లో చూసుకునేవాళ్లకూ ఒక మాట. ఆయాసం వస్తే వెల్లకిలా పడుకోబెట్టకండి. కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా బల్ల మీద దిండు పెట్టి, దానిమీద చేతులు ఆనించి ముందుకు వాలనివ్వండి. వేడి టీ ఊదినట్టు పెదాలు సున్నాలా చుట్టి నెమ్మదిగా ఊపిరి వదలమనండి. పథ్యం పేరుతో పెరుగు, అరటిపండు, గుడ్డు మాన్పించి మనిషిని ఎండగట్టకండి. ఊపిరి తీయడానికే వాళ్లకు బోలెడు శక్తి ఖర్చవుతుంది, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ నడుస్తుంటే ఆ గదిలో దీపం, అగరుబత్తి, చుట్ట ఉండకూడదు.

జిల్లా వైద్యాధికారులకు నా విన్నపం ఇది. ప్రతి ఏరియా ఆసుపత్రిలో, సామాజిక ఆరోగ్య కేంద్రంలో ఊపిరి జబ్బుల కోసం శిక్షణ ఇచ్చిన ఒక నర్సును ప్రత్యేకంగా ఉంచండి. రోగి తన ఇన్‌హేలర్‌ను నర్సు ముందు సరిగ్గా పీల్చి చూపించాకే డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టండి. ఎవరికి ఎంత శాచురేషన్ చాలో రాసి, ఆక్సిజన్ మీటరు దగ్గరే తెలుగులో వేలాడదీయండి. విలేజ్ క్లినిక్కుల్లో బీపీ, షుగర్ చూసే రోజే ఇన్‌హేలర్ కూడా తెమ్మని చెప్పి, ఒకసారి వాడించి చూడండి. మా మండలంలో ఎక్కడ నేర్పమన్నా నేను వస్తాను. జీతం అక్కర్లేదు.

– ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
అంబాజీపేట మండలం, కోనసీమ జిల్లా