ప్రత్యేక ఫీజుల లెక్క చెప్పాలి

ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజుతో పాటు తప్పనిసరిగా వసూలు చేసే ప్రత్యేక ఫీజులు ఎక్కడ ఖర్చవుతున్నాయో కట్టేవాళ్లకే తెలియడం లేదు. మా అమ్మాయి నగరంలోని ఒక యూనివర్సిటీలో పీజీ చదువుతోంది. ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎప్పటికో వస్తుంది, ఈ ప్రత్యేక ఫీజులు మాత్రం చేతి నుంచి కట్టాల్సిందే. మొన్న రాత్రి ఏడున్నరకు తనను తీసుకురావడానికి వెళ్తే లైబ్రరీ నుంచి గేటు దాకా వెలుగుతున్న లైట్లు రెండే. సెక్యూరిటీ గార్డు తన ఫోన్ టార్చి వేసుకుని రిజిస్టర్లో నా పేరు రాసుకున్నాడు. పాపం, ఆయన్ను అనేదేముంది! చదువులో వెనకబడిన పిల్లలకు సాయంత్రం క్లాసులన్నారు. ఆ నోటీసు బోర్డు మీదే వెలిసిపోయింది. విద్యార్థుల భద్రతపై యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. సమాచార హక్కు చట్టం, 2005 సెక్షన్ 4 ప్రకారం బడ్జెట్, ఖర్చుల వివరాలు ఎవరూ అడగకుండానే బయటపెట్టాలి. ఒక్కో పద్దు కింద ఎంత వసూలైంది, గార్డులకెంత, లైట్లకెంత, అదనపు క్లాసులకెంత అన్నది ప్రతి సెమిస్టర్ వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఆ లెక్కలు చూసే కమిటీలో హాస్టల్ అమ్మాయిలు ఇద్దరినైనా కూర్చోబెట్టాలి.

— ఒక విద్యార్థిని తండ్రి, హైదరాబాద్