కొండవీడు కోట బాగోగులు చూసే అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం. మాది గుంటూరు. మొన్న ఆదివారం మా పాపను తీసుకుని కొండవీడు ఎక్కాను. రెడ్డిరాజుల రాజధాని, శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్న చోటు, 1515లో కృష్ణదేవరాయలు గెలిచిన కోట అని దారి పొడవునా చెబుతూనే ఉన్నాను. పైన ఓ స్తంభం మీద, చెక్కిన పువ్వుకు అడ్డంగా, ఎవరో మేకుతో గీసిన పేర్లు. గీతల్లో రాయి ఇంకా తెల్లగానే ఉంది, ఈమధ్య గీసినవే. పాప వేలితో తడిమి "నాన్నా, ఇది చెరిగిపోదా?" అంది. పోదమ్మా అన్నాను. ఇంకేం చెప్పను?

గోడ సందుల్లో రావి మొక్కలు లేచాయి. ముదిరితే రాళ్లు విడిపోతాయి. వానలకు ముందే వేళ్లతో సహా తీయించండి. ఘాట్ రోడ్డు పడ్డాక జనం వస్తున్నారు, సంతోషమే. కానీ పైన ఒక్క కాపలా మనిషినైనా పెట్టించండి.